నాలుగు చక్రాలూ ఒకే చుట్టు తిరగాలి: ఏడబ్ల్యూడీ సెడాన్‌కు రిమ్ములు, టైర్లు

నెల్లూరు మినీ బైపాస్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో టైర్ల షాపు ముందు కారు ఆపి "దీనికి 18 రిమ్ములు పడతాయా?" అని అడిగితే, దాదాపు ఎప్పుడూ "పడతాయి సార్" అనే వినిపిస్తుంది. ఆ మాటలో అబద్ధం లేదు. బోల్టులు బిగుస్తాయి, చక్రం తిరుగుతుంది, బండి రోడ్డెక్కుతుంది. కానీ ఆ బండి నాలుగు చక్రాలకూ ఇంజను బలం పంపే ఏడబ్ల్యూడీ సెడాన్ అయితే 'పట్టడం' అన్న మాటకు అర్థం మారిపోతుంది. మామూలు కారులో ఏ చక్రానికి ఆ చక్రం సరిపోతే పని జరిగిపోతుంది. ఏడబ్ల్యూడీలో నాలుగూ ఒకదానికొకటి సరిపోవాలి. అదీ కొన్న రోజున సరిపోతే చాలదు, టైర్లు అరిగి మార్చే దాకా అలాగే ఉండాలి.

ఈ సెడాన్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోకి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే వస్తాయి. చెన్నై, హైదరాబాద్, బెంగళూరులలో కొన్నేళ్లు తిరిగిన ఆడి క్వాట్రోలు, బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌లు, మెర్సిడెస్ 4మాటిక్‌లు (మూడూ ఆయా కంపెనీలు ఏడబ్ల్యూడీకి పెట్టుకున్న పేర్లే), వోల్వో ఎస్60 క్రాస్ కంట్రీలు చేతులు మారి ఇక్కడికి చేరుతుంటాయి. రిమ్ముల గురించి ఆలోచించే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కారు నిజంగా ఏడబ్ల్యూడీయేనా? ఆడి ఏ4, ఏ6 లాంటి మోడళ్లు మన దేశంలో ముందు చక్రాల డ్రైవ్‌తోనూ చాలా అమ్ముడుపోయాయి. డిక్కీ మీద క్వాట్రో బ్యాడ్జి అంటించడం పెద్ద పని కాదు. లిఫ్టు మీద ఎత్తించి కిందికి చూస్తే విషయం తెలిసిపోతుంది. వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు ఉండాలి, ముందు చక్రాలకూ డ్రైవ్ షాఫ్టులు ఉండాలి. రెండూ ఉంటేనే అది ఏడబ్ల్యూడీ. కాకపోతే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ కారుకు అక్కర్లేదు.

తేడా ఎక్కడ పోగవుతుంది

మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దూరాలు నడుస్తాయి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే బండిలో ప్రతి మలుపులోనూ ఇదే జరుగుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య తేడాను సర్దడానికి ఏడబ్ల్యూడీలో ఇంకో భాగం ఉంటుంది. కొన్ని బళ్లలో అది టోర్సెన్ లాంటి గేర్ల డిఫరెన్షియల్. ఇంకొన్నింటిలో నూనెలో మునిగి ఉండే ప్లేట్ల క్లచ్. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బళ్లలో దీన్ని హాల్డెక్స్ అంటారు. మలుపుల్లో కాసేపు పని చేసి, తిన్నటి రోడ్డు మీద ఊపిరి పీల్చుకునేలా వీటిని తయారు చేశారు.

ఇప్పుడు ముందు ఇరుసుకు కొత్త టైర్లు, వెనక పాత టైర్లు ఉన్నాయనుకుందాం. సైజు ఒకటే, 225/50 ఆర్17. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 17 అంగుళాలు. కొత్త టైరు గ్రిప్పు, అంటే షాపుల్లో బటన్లు అనేవి, 8 మిల్లీమీటర్ల లోతు. పాతవి అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చాయి. వ్యాసార్ధంలో తేడా 5 మిల్లీమీటర్లు, కంటికి ఆనదు. లెక్క వేస్తే కొత్త టైరు వ్యాసం 656.8 మిల్లీమీటర్లు, కిలోమీటరుకు సుమారు 484 చుట్లు తిరుగుతుంది. పాతది అంతే దూరానికి 492 చుట్లు తిరగాలి. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద తిన్నగా వెళ్లినా, ఒంగోలు చేరేసరికి వెనక చక్రాలు ముందు చక్రాలకంటే దాదాపు 900 చుట్లు ఎక్కువ తిరిగి ఉంటాయి. ఆ తేడా మొత్తాన్నీ మధ్యలో ఉన్న ఆ ఒక్క భాగమే మింగాలి. ప్లేట్లు రాసుకుంటాయి, నూనె వేడెక్కుతుంది, అరిగిన ప్లేట్ల పొడి నూనెలో కలుస్తుంది. మలుపు ఇంకా తిరుగుతూనే ఉన్నామని బండి అనుకుంటూ రెండు గంటలు నడుస్తుంది.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. సుబారు అయితే చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదంటుంది. అరుగుదలలోకి మారిస్తే అది సుమారు 1 మిల్లీమీటరు. ఇంకొన్ని బళ్లకు రెండు, మూడు మిల్లీమీటర్ల దాకా వెసులుబాటు ఉంటుంది. కారు మాన్యువల్‌లో రాసిందే ఆఖరి మాట. మాన్యువల్ దొరక్కపోతే 2 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టుకోవడం మంచిది. సైజు అంకెలు ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటే కాదన్నది కూడా గుర్తుండాలి. రెండు కంపెనీల 225/50 ఆర్17 టైర్లను పక్కపక్కన నిలబెడితే ఎత్తులో కొన్ని మిల్లీమీటర్ల తేడా రావచ్చు. అందుకే నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి అయి ఉండాలి. ముందు మంచి టైర్లు, వెనక చవక టైర్లు అనే సర్దుబాటు ఈ బండికి కుదరదు. వెనక మాత్రం వెడల్పు టైర్లు వేయించే ఫ్యాషన్ కూడా అంతే. కంపెనీయే అలా ఇచ్చిన బళ్లు కొన్ని ఉన్నాయి కానీ, వాటిలో ముందు వెనక టైర్ల చుట్టుకొలతలు కలిసేలా లెక్క చూసి ఇచ్చారు.

సైజు మార్చాలనుకుంటే

నాలుగూ ఒకేలా మార్చినంతవరకు, రిమ్ము ఒక అంగుళం పెంచడం తప్పేమీ కాదు. టైరు బయటి వ్యాసం మారకూడదు, అది మొదటి షరతు. రిమ్ము పెరిగిన మేరకు టైరు పక్కగోడ తగ్గాలి. 225/50 ఆర్17 వ్యాసం 656.8 మిల్లీమీటర్లయితే, 245/40 ఆర్18 వ్యాసం 653.2. తేడా అర శాతం. 255/35 ఆర్19 తీసుకుంటే 661.1, అది కూడా ఒక శాతం లోపే. కాగితం మీద మూడూ సరిపోతాయి. పక్కగోడ ఎత్తు చూస్తే మాత్రం 17కు 112 మిల్లీమీటర్లు, 18కి 98, 19కి 89. మన రోడ్ల మీద అసలు పరీక్ష ఇక్కడే.

చాలామందిలో ఒక అపోహ ఉంది. పెద్ద రిమ్ము వేస్తే బండి ఎత్తు పెరుగుతుందని, స్పీడ్ బ్రేకర్లకు కింద తగలదని. బయటి వ్యాసం మారనప్పుడు ఎత్తు ఎక్కడి నుంచి పెరుగుతుంది? ఎత్తు కోసమే 17 రిమ్ముకు 225/55 వేయిస్తే వ్యాసం 679.3కు పోతుంది. బండి లేచేది 11 మిల్లీమీటర్లు, వ్యాసం పెరిగేది 3.4 శాతం. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బ్రేకుల్లో చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్, బండి జారకుండా చూసే ఈఎస్‌పీల లెక్క తప్పుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపలి లైనర్‌కు టైరు రాసుకోవచ్చు. ఆ 11 మిల్లీమీటర్ల కోసం ఇన్ని తెచ్చుకోవడం అనవసరం.

రిమ్ము వెడల్పు కూడా టైరుకు తగినట్టుండాలి. 245/40 ఆర్18 టైరుకు 8 నుంచి 9.5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. 7 అంగుళాల రిమ్ముకు ఆ టైరు ఎక్కించినా, అంచులు లోపలికి లాక్కుని టైరు ఉబ్బినట్టు నిలబడుతుంది, మలుపుల్లో ఊగుతుంది. టైరు పక్కన రాసి ఉండే లోడ్ ఇండెక్స్ అంకెను అసలు ఎవరూ చూడరు. 91 అంటే ఒక్క టైరు 615 కిలోలు మోస్తుంది, 94 అంటే 670, 98 అంటే 750. ఏడబ్ల్యూడీ సెడాన్ మామూలు సెడాన్ కంటే బరువు. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎప్పుడూ తీసుకోకూడదు. పక్కగోడ తగ్గించినప్పుడు ఎక్స్‌ట్రా లోడ్ రకం అడగాలి. మే నెలలో పగటి ఎండకు కాలే తారు మీద ఐదుగురు మనుషులు, నిండు డిక్కీతో వంద వేగంలో వెళ్లే బండికి ఆ అంకే రక్ష.

బోల్టుల దగ్గర జరిగే మోసం

పీసీడీ అంటే బోల్టులున్న వలయం వ్యాసం అని షాపుల వాళ్లందరికీ తెలుసు. ఆడి, స్కోడా, మెర్సిడెస్‌లకు 5x112, అంటే ఐదు బోల్టులు, 112 మిల్లీమీటర్ల వలయం. బీఎండబ్ల్యూ పాత తరాలకు 5x120, కొత్త తరాలకు 5x112. వోల్వోకు 5x108. చిక్కు అంతా 5x112 దగ్గర మొదలవుతుంది. టొయోటా, హోండా, హ్యుందాయ్ బళ్లలో ఎక్కువగా కనిపించే 5x114.3 రిమ్ములు మార్కెట్లో కుప్పలుగా దొరుకుతాయి. తేడా 2.3 మిల్లీమీటర్లే కదా, బిగిస్తే సర్దుకుంటుందనే మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. సర్దుకోదు. ప్రతి బోల్టూ ఒక మిల్లీమీటరుకు పైగా వంకరగా కూర్చుంటుంది, బిగించినట్టే ఉంటుంది, దారిలో వదులవుతుంది. ఆ మాట అన్న షాపులోంచి వెంటనే బయటికి వచ్చేయడం మేలు.

పీసీడీ కలిసినా పని పూర్తి కాదు. మధ్య రంధ్రం చూడాలి. 2008 తర్వాతి ఆడి ఏ4కు అది 66.6 మిల్లీమీటర్లు, స్కోడా ఆక్టేవియా, సూపర్బ్‌లకు 57.1. స్కోడా రిమ్ము ఆ ఆడికి అసలు ఎక్కదు. ఆడి రిమ్ము స్కోడాకు ఎక్కుతుంది కానీ, రిమ్ము కూర్చునే హబ్బు చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి సరైన కొలత రింగు వేయకపోతే 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. తప్పు బ్యాలెన్సింగ్‌లో లేదు కాబట్టి. ఆ తర్వాత బోల్టు తల. ఆడి, స్కోడా బోల్టుల తల అడుగు గుండ్రంగా బంతిలా ఉంటుంది, బయట మార్కెట్ రిమ్ముల్లో చాలావాటికి కోను ఆకారపు గుంట ఉంటుంది. గుండ్రని బోల్టు కోను గుంటలో సన్నని గీత మేరే ఆనుతుంది. రిమ్ముతో పాటు దానికి తగిన బోల్టుల సెట్టు కూడా కొనాలి. పాత బోల్టులే వాడేద్దాం అన్న పొదుపు ఇక్కడ పనికిరాదు. స్టెప్నీకి మాత్రం పాత బోల్టులే కావాలి, వాటిని డిక్కీలో దాచి ఉంచాలి.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము నడుము నుంచి హబ్బుకు ఆనే తలం ఎంత బయటికి జరిగి ఉందన్నది. రిమ్ము మీద ఈటీ అని పోత పోసి ఉంటుంది. 8 అంగుళాల ఈటీ 45 రిమ్ము తీసి 8.5 అంగుళాల ఈటీ 35 వేస్తే బయటి అంచు 16 మిల్లీమీటర్లకు పైగా మడ్‌గార్డు వైపు జరుగుతుంది. చూడటానికి బండి వెడల్పుగా, దిట్టంగా కనిపిస్తుంది. అందుకే దీనికి గిరాకీ. కానీ వీల్ బేరింగు మీద లివరేజి పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో చేతిని లాగుతుంది, వెనక సీటు నిండితే టైరు మడ్‌గార్డు అంచుకు కోసుకుంటుంది. కంపెనీ ఈటీకి ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే బండి తీరు పెద్దగా మారదు. స్పోకు లోపలి వైపుకూ, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపరుకూ మధ్య ఖాళీ విషయం అంకెలు చెప్పవు. ఒక్క రిమ్మును టైరు లేకుండా బిగించి చేత్తో తిప్పి చూడాలి. దానికి ఒప్పుకోని షాపులో డబ్బు కట్టకూడదు.

నాణ్యత గుర్తుల విషయంలో జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ పరీక్షల ముద్రలు మంచి రిమ్ముల మీద కనిపిస్తాయి. టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. తయారీ తేదీని నాలుగంకెల్లో వేస్తారు. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్ల మీదా ఆ అంకెలు దగ్గరదగ్గరగా ఉండేలా చూసుకోవాలి. చట్టం కోణమూ ఉంది. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే మోడల్‌లో పై వేరియంటుకు కంపెనీయే ఇచ్చిన సైజును ఎంచుకుంటే ఆర్టీవో దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా టెన్షన్ ఉండదు. ఈటీ, లోడ్ ఇండెక్స్, కాలిపర్ ఖాళీ లెక్కలన్నీ కూడా కంపెనీయే ముందుగా చూసి పెట్టి ఉంటుంది.

ఈ రోడ్లకు ఎంత పక్కగోడ కావాలి

జాతీయ రహదారి 16 మీద మాత్రమే తిరిగే బండికి 19 అంగుళాలైనా నడుస్తుందేమో. ఎవరి కారూ హైవే మీదే ఉండిపోదు. ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు వెళ్తే గ్రానైట్ లారీలు తిరిగే దారి. మైపాడు వైపు పల్లెల్లోకి మళ్లితే సన్నటి తారు, విరిగిన అంచులు. కోతల కాలంలో నెల్లూరు పల్లెల్లో రోడ్డుకు ఒక పక్క వడ్లు ఎండబోస్తారు. వాటి చుట్టూ బండ్లు ఎక్కకుండా రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తేశాక కొన్ని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్ల వెలుగులో ఆ రాయి కనిపించదు. 112 మిల్లీమీటర్ల పక్కగోడ ఆ దెబ్బను తనలో కలుపుకుంటుంది. 89 మిల్లీమీటర్ల పక్కగోడ రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, మర్నాటికి టైరు పక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుకు మరమ్మతు లేదు. నాలుగూ ఒకేలా ఉండాలి కాబట్టి ఏడబ్ల్యూడీలో ఆ నష్టం ఒక్క టైరుతో ఆగకపోవచ్చు.

వానల సంగతి వేరు. ఈ తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తాయి. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. అలాంటి రోజుల కోసమే ఏడబ్ల్యూడీ కొన్నామని చెప్పేవాళ్లు ఉంటారు. తడి రోడ్డు మీద బండి జారకుండా కదలడానికి, వేగం అందుకోవడానికి ఏడబ్ల్యూడీ నిజంగా సాయపడుతుంది. ఆగడానికి మాత్రం సాయపడదు. బ్రేకు నొక్కినప్పుడు ఏ కారైనా నాలుగు టైర్ల గ్రిప్పు మీదే ఆగుతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా టైరును ఒప్పుకుంటుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దగ్గరే టైరు తేలడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. టైరు వెడల్పు పెరిగేకొద్దీ ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందుకని నాలుగు టైర్లూ మార్చే పని ఉంటే సెప్టెంబరులోనే మార్చడం ఇక్కడి వాతావరణానికి సరిపోతుంది.

ఈ లెక్కలన్నీ చూస్తే నెల్లూరు, ప్రకాశం రోడ్లకు 17 అంగుళాలే మంచి సైజు, 18 హద్దు. 19 అందంగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. ఆ అందానికి ఇక్కడ కట్టాల్సిన ధర ఎక్కువ.

ఒక్క టైరు పోయిన రోజు

సైజు ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన పెద్ద ప్రశ్న ఇదే, షాపులో ఎవరూ అడగని ప్రశ్న కూడా ఇదే. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగాక, ఒక టైరు రాయికి చీలిపోతే, సరిగ్గా అదే టైరు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? ఎన్నాళ్లకు దొరుకుతుంది? 225/50 ఆర్17 చాలా సెడాన్లకు వచ్చే సైజు, చెన్నైలోనైనా విజయవాడలోనైనా సులువుగా దొరుకుతుంది. 255/35 ఆర్19లో అదే మోడల్ కావాలంటే వారం ఎదురుచూడాల్సి రావచ్చు, దిగుమతి టైరైతే ఆ మోడలే ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు దారి ఒక్కటే, నాలుగూ మార్చడం. ఒక రాయి దెబ్బకు నాలుగు టైర్ల ఖర్చు.

మిగిలిన మూడింటి లోతు 6 మిల్లీమీటర్లకు పైగా ఉంటే ఒక్క కొత్త టైరుతో నెట్టుకురావచ్చు. 4, 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే కొత్తది వేయకూడదు. అమెరికాలో కొన్నిచోట్ల కొత్త టైరును యంత్రం మీద చెక్కి పాతవాటి లోతుకు తెస్తారు. ఆ సౌకర్యం మన చుట్టుపక్కల షాపుల్లో కనిపించదు. ఇక్కడ కుదిరే ఉపాయం వేరే ఉంది. మొదటిసారే అదే మోడల్‌లో ఐదు టైర్లు, వీలైతే ఐదో రిమ్ము కూడా కొని, స్టెప్నీని కూడా చక్రాల మార్పిడి వరసలో తిప్పడం. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి చక్రాలు మారుస్తూ పోతే ఐదూ దాదాపు ఒకేలా అరుగుతాయి, ఏది పోయినా జోడు సిద్ధంగా ఉంటుంది. డిక్కీలో గుంట పెద్ద టైరుకు చాలకపోతే ఇది కుదరదు, కొలిచి చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన సన్న స్టెప్నీ ఉన్న బళ్లలో దాన్ని 80 వేగం దాటకుండా, పంక్చరు షాపు దాకా మాత్రమే వాడాలి. కావలిలో వేసుకుని చెన్నై దాకా వెళ్తే మధ్యలోని ప్లేట్లు ఆ దూరమంతా రాసుకుంటూనే ఉంటాయి. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్ ఫ్లాట్ టైర్లతో వచ్చిన బండికి మామూలు టైర్లు వేయించినవాళ్లు, ఆ బండిలో స్టెప్నీయే లేదని గుర్తుపెట్టుకుని పంక్చరు కిట్టూ, గాలి పంపూ కొనుక్కోవాలి.

గాలి కూడా కొలతలో భాగమే. ఒక టైరులో 36 పాయింట్లు, ఇంకోదానిలో 28 ఉంటే ఆ రెండూ తిరిగే చుట్టులో తేడా వస్తుంది. పొద్దున్నే బండి కదలకముందు నాలుగూ సమానంగా కొట్టించాలి. హైవే మీద వచ్చాక వేడికి పెరిగిన మూడు నాలుగు పాయింట్లను తీసేయించకూడదు. లోతు కొలిచే గేజి కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. నెలకోసారి నాలుగు టైర్ల లోతు, ప్రతిదానికీ లోపల, మధ్య, బయట మూడుచోట్ల కొలిచి ఫోనులో రాసుకుంటే, అలైన్‌మెంట్ చెడిన సంగతి కూడా అందులోనే ముందుగా కనిపిస్తుంది.

రిమ్ములు వేయించిన రోజున బోల్టులను గాలి తుపాకీతో ఆఖరి దాకా బిగించనివ్వకూడదు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించాలి. ఆడి, స్కోడా బళ్లలో చాలావాటికి అది 120 న్యూటన్ మీటర్లు. కొత్త రిమ్ము హబ్బు మీద కుదురుకోవడానికి కొంత దూరం నడవాలి. నెల్లూరులో వేయిస్తే కావలి దాకా వెళ్లి రావడం దాదాపు వంద కిలోమీటర్లు. తిరిగొచ్చి, రిమ్ములు చల్లారాక, ప్రతి బోల్టునూ అదే రెంచితో మరోసారి చూసుకోవాలి.